పద్దెనిమిది వందల డ్రైవర్

డ్రైవర్‌ను కొన్ననంటే
మా సుగుణ గరిటె ఆపి చూసింది.
“కారే లేదు, డ్రైవరెందుకు?
నెలకెంతియ్యాలె వానికి?”

సంచిలకెల్లి తీసి చూపెట్టిన.
నల్లటి బుర్ర, సన్నటి మెడ,
పట్టుకునే కాడ సైకిల్ టేపు చుట్టిండ్రు.
తిండి అడగడు, బత్తా అడగడు,
పద్దెనిమిది వందలకు జన్మంత చాకిరి అన్న.
“నీకంటె నయం” అన్నది.

హన్మకొండ చౌరస్తా ఎనుక సందుల
గౌస్‌మియా పాతసామాన్ల దుకాణం.
కూలర్ రెక్కలు, కుంటి ట్రెడ్‌మిల్లు,
పెండ్లి బ్యాండోళ్ల పగిలిన డోలు.
వాటి నడుమ ఇది,
పట్నంల ఏ క్లబ్బులనో మోడల్ పాతదైందని
పింఛన్ లేకుండ ఇంటికి తోలిన నౌకరు లెక్క.

కొత్తది యాభైవేలని ఫోన్ల చూసిన.
యాభైవేలంటే
పెద్దపిల్ల పాలిటెక్నిక్ ఫీజు,
మిగిలితే వంటింటి మీదికి రేకులు.

ఊపి చూసిన. లోపల గలగల,
ఎండిన చింతకాయల గింజ మోగినట్టు.
“ఇదేంది మియా?”
“లోపల బంక ముక్క ఊడింది భాయ్.
మోగితే మోగనీ. కొట్టేది బయటికెల్లి కదా.”

ఫాతిమానగర్ ఎలీషా, బడిల పీటీ సారు,
పుల్లను వంచి చూసి మెచ్చిండు.
“మన నడుములకు మెత్తటి పుల్లే మేలు.
గట్టిది జోరుగ తిప్పెటోళ్లకు.
మొఖం జరంత మీదికి చూడాలె, పదిన్నర డిగ్రీలు.
ధర పెరిగితే బంతి దూరం పోదు,
ఇరుగుతదన్న భయం పెరుగుతది.”

మడికొండ గుట్టల అవతల మూసేసిన కంకర క్వారీ.
గడ్డి లేదు. పచ్చగున్నదంటే సర్కారు తుమ్మనే.
మూడు డాల్డా డబ్బాలు పాతినం,
మూడు కట్టెలకు
షెడ్డుల పారేసిన పచ్చజెండాలు.
జొన్నబెండు ముక్క మీద బంతి.
ఆట నలుగురిది, డ్రైవర్ ఒక్కటే.
నేను, ఎలీషా, సోడాల రాజలింగు,
ఎనుమాముల మార్కెట్ల మిర్చిబస్తాలు మోసే ఓదెలు.

ఓదెలుకు ఎవ్వలు నేర్పలే.
లారీ మీదికి బస్తా ఎత్తినట్టు
మోకాళ్లకెల్లి లేచి తిప్పిండు.
బుర్ర ఊడింది.
బంతి మాత్రం బెండు మీదనే ఉన్నది
ఏం తెల్వనట్టు.

ఎవ్వలం మాట్లాడలే.
ఓదెలు అంగీ జేబుల చెయ్యి పెట్టిండు,
మడిచిన నోట్లు లెక్కవెడుతున్నడు
మా దిక్కు చూడకుండ.
నాకప్పుడు పద్దెనిమిది వందలు
యాభైవేల కంటె పెద్దగ కనబడ్డయి.

“పెట్టుర భై లోపల” అన్న, కొంచెం గట్టిగనే.

ముండ్లల్ల గంటసేపు దేవులాడినం.
ఆఖరికి చెవికి దొరికింది.
తుమ్మల నీడకు ఓ మేకల పిల్ల
సంకల ఏడ్చే తమ్ముని ముంగట
మా డ్రైవర్ తలకాయను ఊపుతున్నది,
గలగల గలగల.
ఆడు నవ్వుతున్నడు, రెండే పండ్లు.
ఇయ్యమన్నది. రెండు గోలిసోడాలకు బేరం తెగింది.

పొద్దంత నా పని డీజిల్ షెడ్డుల.
ఇంజన్ల రోగం చెవితోని పడుత.
మోత వినబడిందంటే విప్పుడే, ఆపుడే.
ఇంట్ల బంక పోసి మెడ అతికిన,
ఒకరాత్రి ఆరబెట్టిన.
రంధ్రం కాడ ఇంకో చుక్క ఏస్తే లోపలి ముక్క అతుకుతుండె,
మోత బందైతుండె.
ఎయ్యలే.
ఎందుకని సుగుణ అడిగింది.
బంక అయిపోయిందన్న.

మల్ల ఐతారం ఓదెలు దూరంగ కూసున్నడు,
జొన్నబెండు గోరుతోని చెక్కుకుంట.
డ్రైవర్ మొదలు వాని చేతులనే పెట్టిన.
చాలసేపు నిలబడ్డడు.
కొట్టిండు.

ఆ సప్పుడు, మంచి సప్పుడు.
బంతి ఎండల కలిసిపోయింది,
ఎక్కడ పడ్డదో మాకు కానరాలే.
అవతల ఏదో గూడ్సుబండి కూసింది.
“బల్లార్షా లైన్ దాటిపాయె” అన్నడు
రాజలింగు, సోడా కొట్టుకుంట.

రెండో పచ్చజెండా కూడ దాటి ఉండదని
ఎలీషాకు తెలుసు, నాకు తెలుసు.
ఓదెలు వినలే.
బుర్రను చెవి కాడ పెట్టుకొని
మెల్లగ ఊపుతున్నడు.